తొంభై రోజుల గది

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో విల్‌ఫ్రెడ్ గారి ఇంటి గుర్తు చెప్పమంటే, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక పెద్దమనిషి నడుస్తూ కనిపిస్తే అదే ఇల్లని చెప్పేవారు. ఆయనకు కూర్చోవడం చేతకాదు. ఇరవై ఏడేళ్ల పాటు చిన్న చిన్న స్టేషన్లలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పనిచేసి, యాభై మూడో ఏట కంటి పరీక్షలో తప్పి, రైళ్లతో సంబంధం లేని ఒక కుర్చీలోకి మారినవాడు ఆయన. ఆ ఊళ్లోనే ఒక కార్యాలయంలో ఖాళీ ఫారాలను కట్టలు కట్టి బీరువాల్లో సర్దించే పని. పదిన్నరకు వెళ్లడం, అయిదున్నరకు తిరిగి రావడం. జీతం తగ్గలేదు, గౌరవమూ తగ్గలేదు. లేకుండా పోయిందల్లా ఫోను.

ఆ ఫోను సంగతి చెప్పకపోతే ఈ మనిషి అర్థం కాడు. చిన్న స్టేషనులో కూర్చున్న మాస్టరుకు పక్క స్టేషను మాస్టరు ఫోను చేసి, ఫలానా బండిని పంపవచ్చునా అని అడుగుతాడు. ఇతడు ఆ మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. దారి ఖాళీగా ఉంటే పంపమనాలి. అయితే పంపమన్నంత మాత్రాన సరిపోదు. సొరుగులో ఒక కాగితం ఉంటుంది. దాని మీద రెండంకెల సంఖ్యలు వరుస లేకుండా కలగాపులగంగా అచ్చువేసి ఉంటాయి. వాటిలో తరువాత రావలసిన సంఖ్యను ఫోనులో చెప్పి, కాగితం మీద కొట్టివేయాలి. అటువాడూ ఇటువాడూ దానిని పుస్తకంలో రాసుకోవాలి. దానికి ప్రైవేట్ నంబర్ అని పేరు. ఆ సంఖ్యకు తనదంటూ విలువేమీ లేదు. ఎనభై మూడు గొప్పదీ కాదు, పన్నెండు తక్కువదీ కాదు. నీ మాట నా చెవిన పడింది, ఇక్కడి నుంచి బాధ్యత నాది అని చెప్పడమే దాని అర్థమంతా. ఆ నంబరు రాకపోతే మాట చెప్పినా చెప్పనట్టే, బండి కదలదు.

ఇరవై ఏడేళ్లు ఇలా గడిపినవాడికి అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. భార్య కృపమ్మ కొళాయి కట్టమంటే, "కొళాయి కట్టాలి" అని పైకి అన్నాకే లేచేవాడు. పెళ్లైన కొత్తలో ఆమె దీన్ని వెక్కిరింతగా తీసుకుని రెండు రోజులు మాట్లాడలేదు. తరువాత ఆమెకూ అలవాటైపోయింది. ఆయన తిరిగి చెప్పకపోతే, విన్నాడో లేదోనని వంటింట్లో నుంచి వచ్చి చూసేది.

ఆయన తాత బొబ్బిలి ప్రాంతం నుంచి పట్టాలు వేసే పనికి వచ్చినవాడు. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. మూడు తరాలుగా ఖరగ్‌పూరే ఊరు, పూరీ గేట్ దగ్గరి చిన్న ప్రార్థనా మందిరమే బంధువుల కూడలి. కొడుకు ఆద్రాలో రైల్వే ఉద్యోగంలోనే ఉన్నాడు. ఇంట్లో ఇక మిగిలింది భార్యాభర్తలిద్దరూ, వీధి వైపు గదిలో అద్దెకుంటున్న సత్యవాణి.

సత్యవాణి తణుకు అమ్మాయి. ఇంజనీరింగ్ సంస్థ గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చి, ఏడాది కిందట ఈ ఊరికి చేరింది. సాయంకాలం వరండాలో టీ తాగుతూ విల్‌ఫ్రెడ్ చెప్పే స్టేషన్ల కథలను చెవులప్పగించి వినేది. ఒక రోజు ఆమే అంది, ఇవన్నీ రాయకూడదా అని. రాస్తే ఎవరు చదువుతారని ఆయన అడిగాడు. అప్పుడామె కబుర్ల చావిడి సంగతి చెప్పింది.

అది కంప్యూటరులో కనిపించే చోటు. రకరకాల ఊళ్లలో, దేశాల్లో ఉన్న తెలుగువాళ్లు అక్కడ తలా ఒక గది తీసుకుని, తోచిన సంగతులు రోజుకొకటి రాసుకుంటారు. చదివినవాళ్లు కింద నాలుగు మాటలు రాసి వెళతారు. కొత్తగా చేరినవారికి గది తొంభై రోజుల వరకే ఇస్తారు. ఈలోగా పాతికమంది తాము ఆ గదికి నిత్య పాఠకులమని పట్టికలో పేరు రాయాలి. తొంభయ్యో రోజు ముగిసేటప్పటికి పట్టికలో పాతిక పేర్లు ఉంటే గది శాశ్వతం. లేకపోతే రాసినదంతా గదితో పాటు దానంతట అదే చెరిగిపోతుంది. అందరూ కూడి మాట్లాడుకునే పెద్ద చావిడి ఒకటి ఉంది గాని, గది శాశ్వతమయ్యేదాకా కొత్తవారికి అందులోకి ప్రవేశం లేదు.

1999 మార్చి ఒకటో తేదీన విల్‌ఫ్రెడ్ గది తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు పాతికమంది కావలసివచ్చారు. అన్నం తినేటప్పుడూ పాతికే, ప్రార్థనలో తల వంచినప్పుడూ పాతికే. ఆఫీసులో పక్క బల్లవాడికి ఏ కథ మొదలుపెట్టినా వాడు సగంలో టిఫిను డబ్బా తెరిచేవాడు. ఆ కథలకు ఒక చోటు దొరికింది. ఆ చోటు పోకూడదు. ఆయన కోరిక అంతే, అది చిన్నదేమీ కాదు.

ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో మంటూదా అనే బెంగాలీ ఆయన దుకాణం ఉండేది. సగం జిరాక్సు, సగం కంప్యూటర్లు. కంప్యూటర్లంటే రెండే, అందులో ఒకటి ఎప్పుడూ మూలుగుతూ ఉండేది. ఆరు గంటలకు విల్‌ఫ్రెడ్ అక్కడ హాజరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టడం సత్యవాణి రెండు సాయంకాలాల్లో నేర్పింది. మొదటగా ఆయన, చిన్న స్టేషనులో ఆగిన గూడ్సు బండి కింద మేక ఈనిన కథ రాశాడు. డ్రైవరూ, గార్డూ, తానూ కలిసి పిల్లల్ని బయటికి తీసేదాకా బండి నలభై నిమిషాలు ఆలస్యమైందనీ, ఆలస్యానికి కారణం ఏమని రాయాలో తెలియక ముగ్గురూ తలలు పట్టుకున్నామనీ రాశాడు.

ఏడు రోజులు గడిచాయి. గదిలోకి ఎన్నిసార్లు వచ్చిపోయారో చూపించే లెక్క ఒకటి పుట అడుగున ఉండేది. దాన్ని చూడడానికే ఆయన రోజూ వెళ్లేవాడు.

"ఏటండీ, మీ బండి ఏ టేసన్లో ఉంది?" అని కృపమ్మ అడిగింది ఒక సాయంకాలం, బియ్యం ఏరుతూ.

"తొమ్మిది సార్లు సూసినారు."

"అందులో మీరెన్ని?"

"ఏడు," అన్నాడు. మిగిలిన రెంటిలో ఒకటి సత్యవాణి. ఇంకొకటి మంటూదా, అదీ పొరపాటున నొక్కాడు.

తన గది ఖాళీగా ఉంటే ఉండనీ అని, విల్‌ఫ్రెడ్ ఇతరుల గదుల్లోకి వెళ్లి చదవడం మొదలుపెట్టాడు. అక్కడ ఆయనకు ఇంకా పెద్ద అలజడి ఎదురైంది. భిలాయిలో ఎవరో, వానకు సైకిలు షెడ్డు కూలిన సంగతి రాశారు. కింద ఒక్క మాట లేదు. నాగపూరులో ఇంకెవరో, తండ్రి చేతిరాత తనకు వచ్చిందని రాశారు. దాని కిందా ఖాళీయే. ఇంతమంది ఫోను చేస్తున్నారు, ఎత్తేవాళ్లే లేరు అనిపించింది ఆయనకు. స్టేషనులో అయితే ఇది నేరం. మనిషి ఇంత చెప్పాక, విన్నామని చెప్పేవాడు ఒక్కడూ లేకపోవడమేమిటి?

ఆ రాత్రి ఒక పాత డైరీ పుటలో రెండంకెల సంఖ్యలను కలగాపులగంగా రాసుకున్నాడు. మరునాటి నుంచి రోజుకు పదేసి గదులు తిరిగాడు. చదివినదాన్ని రెండు వాక్యాల్లో తిరిగి చెప్పి, కాగితంలో తరువాత ఉన్న సంఖ్యను వేసి, కాగితం మీద కొట్టేశాడు. "మీ కబురు అందింది. వానకు సైకిలు షెడ్డు కూలిందనీ, సైకిలుకు మాత్రం ఏమీ కాలేదనీ రాశారు. 64. విల్‌ఫ్రెడ్, ఖరగ్‌పూర్." ఇలా ఉండేవి ఆయన జాబులు. ఆ సంఖ్య ఏమిటో చెప్పాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఇరవై ఏడేళ్లుగా ఆయన మాట్లాడిన ప్రతివాడికీ అదేమిటో తెలుసు.

వారం తిరక్కుండా గదిలోకి మనుషులు రాసాగారు. మేక కథ కింద పద్ధతిగా, మర్యాదగా రాసి వెళ్లారు. "ఈసారి కష్టపడి రాశాను, వీలు చూసుకుని రాగలరు" అన్నారు ఒకరు. "మొహమాటం లేని మనిషి ఇన్నాళ్లకు చావిడికి వచ్చారు" అన్నారు ఇంకొకరు. మస్కట్‌లో మేస్త్రీ పని చేయించే తవిటయ్య అనే ఆయనైతే, తన గదికి మళ్లీ ఎప్పుడొస్తారని రోజు మార్చి రోజు అడిగేవాడు. పట్టికలో నాలుగు పేర్లు చేరాయి, తరువాత పదకొండు, ఏప్రిల్ నెల సగానికి పదిహేడు.

పేర్లు పెరిగినకొద్దీ మనశ్శాంతి కలగాలి కదా, అది మాత్రం జరగలేదు. పదిహేడు అయ్యాక పద్దెనిమిది ఎందుకు కాలేదని ఆఫీసు కిటికీ దగ్గర నిలబడేవాడు. ఫారాల కట్ట ఒకటి విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పేవాడు. ఆదివారం ఉదయం ప్రసంగం మధ్యలో కృపమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, ఆడుతున్న కాలిని ఆపవలసివచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన హైమవతి రాసిన పుట చదివాడు. ఆమె పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. పద్నాలుగు పంక్తులకు మించి లేదు. వాళ్లమ్మకు పక్షవాతం వచ్చి మాట పోయింది. మంచం పక్కన స్టీలు గ్లాసు ఉంటుంది. వేలి ఉంగరంతో దాని మీద ఒకసారి కొడితే మంచినీళ్లు, రెండుసార్లు కొడితే దీపం. ఒక సాయంకాలం అమ్మ ఊరికే కొడుతూనే ఉంది. ఏమీ అక్కర్లేదు. ఎవరైనా ఉన్నారా అని చూడడానికి కొట్టింది. అలసిపోయి ఉన్న హైమవతి, ఎందుకలా ప్రాణాలు తీస్తావు అని కసిరింది. గ్లాసు చప్పుడు ఆగిపోయింది. అక్కడితో పుట కూడా ఆగిపోయింది.

విల్‌ఫ్రెడ్ దాన్ని మూడుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలా రాయాలనిపించింది, ఏదీ రాయలేక, అలవాటు ప్రకారమే జాబు పెట్టాడు. "మీ కబురు అందింది. అమ్మ గ్లాసు మీద ఊరికే కొట్టిందనీ, మీరు కసిరారనీ, చప్పుడు ఆగిపోయిందనీ రాశారు." కాగితంలో తరువాతి సంఖ్య ఏడు. రెండంకెలుగా 07 అని వేసి, కొట్టేశాడు. ఆ తరువాత హైమవతి గదిలో కొత్త పుట రాలేదు. రోజూ వెళ్లి చూసేవాడు. ఒక స్టేషను వదిలిన బండి రెండో స్టేషనుకు చేరనట్టుగా ఉండేది ఆయనకు.

మే నెల మొదటి రోజున సత్యవాణి గ్రంథాలయం నుంచి నవ్వుకుంటూ వచ్చింది. ఆమెది పాత సభ్యత్వం, పెద్ద చావిడిలోకి వెళ్లి చదవగలదు.

"బాబాయిగారూ, చావిడిలో మీకెంత పేరొచ్చిందో తెలుసా? అందరూ మార్కుల విల్‌ఫ్రెడ్ అంటున్నారు."

"మార్కులేటమ్మా?"

"మీరు వేస్తున్నారుగా, అందరికీ. అరవై నాలుగనీ, ఇరవై ఒకటనీ. పెద్ద చావిడిలో రోజూ దీని మీదే తగువు. పిల్లి మీద మూడు ముక్కలు రాసినాయనకి తొంభై ఎనిమిది వేశారంట, ఆయన దాన్ని గది గుమ్మం మీద రాసిపెట్టుకున్నాడు. ఇరవై లోపు వచ్చినవాళ్లంతా ఒక జట్టు కట్టారు. తవిటయ్యగారు దానికి నాయకుడు, ఆయనకి పన్నెండు."

విల్‌ఫ్రెడ్ వరండా ఆ చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాడు. మర్యాదగా వచ్చిన జాబులన్నీ ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. ఈసారి కష్టపడి రాశాను. మొహమాటం లేని మనిషి. ఆయన ప్రైవేట్ నంబర్ సంగతి చెబితే సత్యవాణి నవ్వడం మానేసింది.

"రేపే సెప్పేస్తాను," అన్నాడాయన.

సత్యవాణి తొందరపడవద్దంది. పట్టికలో ఇరవై నాలుగు పేర్లున్నాయి. ఇప్పుడు చెబితే సగం మంది మార్కుల కోసం వచ్చినవాళ్లే కాబట్టి పోతారు. ఇరవై తొమ్మిదో తేదీ దాటితే గది శాశ్వతం, తరువాత ఎంతమంది పోయినా గది పోదు. అప్పుడు తీరిగ్గా చెప్పవచ్చు, కొంపలేమీ మునగవు అంది. ఆ పిల్ల ఆయన మేలు కోరే చెప్పింది. ఆయనా ఒప్పుకున్నాడు. ఒక మనిషి జీవితాన్ని రాసేటప్పుడు ఇటువంటి చోట కలం పక్కకు తిప్పడం న్యాయం కాదు. తెలిసే ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక అంకెలు మానేద్దామంటే, మానేశారేమని అడుగుతారు. వేస్తూ పోదామంటే, ఇక అవి మార్కులే. మూడో రోజున ఒక కొత్త పిల్లవాడి పుట చదివాక, కాగితంలో తరువాతి సంఖ్య 11 వచ్చింది. చెయ్యి రాలేదు. దాన్ని వదిలేసి, కింద ఉన్న 76 వేశాడు. ఉద్యోగంలో అన్నేళ్లూ ఒక్క సంఖ్యనైనా దాటినవాడు కాడు. దాటితే ఉద్యోగం పోతుంది. ఇప్పుడు దాటడం ఎంత సులువో తెలిసివచ్చింది. మరునాడు 09 దాటాడు, ఆ పైరోజు 18 దాటాడు. పట్టిక ఇరవై ఏడుకు చేరింది.

డైరీ కాగితం ఒకనాడు కృపమ్మ కంటపడింది. ఇటువంటి కాగితాలను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె చూస్తూనే ఉంది. కొట్టివేతల మధ్య అక్కడక్కడా సంఖ్యలు చెక్కుచెదరకుండా ఉండడం చూసి, ఆయన ఎదుట పెట్టింది.

"ఏటిది? మధ్యలో వొదిలీసినారేటి?"

ఆయన దాచలేదు, అంతా చెప్పాడు. నెలాఖరు దాటాక అందరికీ చెప్పేస్తానని కూడా అన్నాడు.

"నెలాఖరు దాటినాక సెప్తే, అప్పుడు మీకేటి పోతాది? ఏటీ పోదు. ఏటీ పోనప్పుడు సెప్పడం ఎవలికైనా సేతనవును."

"నీకు తెలీదు, కృపా."

"అవును, నాకేటి తెలుస్తాది," అని ఆమె కాగితాన్ని మడిచి, ఆయన చొక్కా జేబులో పెట్టింది. ఆ పూట ఆమె కూరలో ఉప్పు ఎక్కువైందని ఇద్దరికీ తెలిసినా, ఇద్దరూ పైకి అనలేదు.

మే పదహారున కాల్‌బైశాఖి గాలివాన వచ్చింది. ఝపటాపూర్‌లో రెండు చెట్లు తీగల మీద పడ్డాయి. మూడు రోజులు కంప్యూటరుకు ఫోను లేదు. "దాదా, లైన్ నహీ హై, ఘర్ జాయియే" అంటూ ఇంటికి వెళ్లమని మంటూదా మొదటి రోజు చెప్పాడు, రెండో రోజు చెప్పాడు, మూడో రోజు చెప్పడం మానేసి స్టూలు వేశాడు. విల్‌ఫ్రెడ్ దాని మీద కూర్చోలేదు. పూరీ గేట్ దాకా నడిచి వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లాడు.

నాలుగో రోజు, అంటే ఇరవయ్యో తేదీ సాయంకాలం, లైను వచ్చింది. ఆయన గదిలో హైమవతి జాబు ఉంది.

"అయ్యా, నమస్కారం. మీరు నాకు ఇచ్చిన ఏడు న్యాయమైనదే. మాట పోయిన తల్లిని కసిరినదాన్ని, ఆ సంగతి పదిమందిలో రాసుకోవడానికి నాకు అర్హత లేదని మీరు సూచించారు. నెల రోజులు ఆలోచించి, ఆ వాక్యం తీసివేసి, అంతా మళ్లీ రాశాను. ఇప్పుడైనా బాగుందేమో చూడగలరు."

విల్‌ఫ్రెడ్ ఆమె గదిలోకి వెళ్లాడు. పాత పుట లేదు. దాని స్థానంలో అయిదు పుటలున్నాయి. అందులో సముద్రం ఉంది, వెన్నెల ఉంది, మాతృప్రేమ మీద రెండు పేరాలున్నాయి. గ్లాసు చప్పుడు వినగానే కూతురు కన్నీళ్లతో పరుగెత్తుకుని వెళుతుంది. కసురుకోవడం లేదు. చప్పుడు ఆగిపోవడం లేదు. నిజమంతా ఊడ్చిపెట్టుకుపోయింది. ఊడ్చింది తన చెయ్యే.

ఏడు కావస్తోంది, రోజూ కరెంటు పోయే వేళ. మంటూదా గడియారం వైపు చూపించాడు. విల్‌ఫ్రెడ్ తన గది తెరిచి, తప్పులు దిద్దుకోకుండా కొట్టాడు.

"చావిడి మిత్రులందరికీ. నేను మీకు వేసిన అంకెలు మార్కులు కావు. మీ రచనలకు మార్కులు వేసేటంత చదువు నాకు లేదు. రైల్వేలో ఒక మాట విన్నప్పుడు, విన్నామనడానికి గుర్తుగా ఒక సంఖ్య చెబుతాము. అది చదవకముందే కాగితం మీద రాసి ఉంటుంది. తొంభై ఎనిమిది వచ్చినవారూ, పన్నెండు వచ్చినవారూ నాకు సమానంగా వినిపించారు. మీరు వాటిని మార్కులుగా భావిస్తున్నారని మే ఒకటిన నాకు తెలిసింది. గది పోతుందన్న భయంతో చెప్పలేదు. అంతేకాదు, తెలిసిన తరువాత చిన్న అంకెలను దాటి పెద్దవి వేశాను. అది మొదటిదానికన్నా పెద్ద తప్పు. హైమవతి గారికి. అమ్మా, మీరు కసిరిన వాక్యం కోసమే నేను మీ పుటను మూడుసార్లు చదివాను. మేమంతా ఎవరినో ఒకరిని కసిరినవాళ్లమే. రాసింది మీరొక్కరు. దయచేసి పాతదాన్ని పెట్టండి."

పంపడానికి నొక్కేటప్పుడు పట్టిక వైపు చూశాడు. ఇరవై ఏడు ఉన్నాయి. నొక్కాడు. అర నిమిషానికి కరెంటు పోయింది.

మరునాటి సాయంకాలానికి ఇరవై రెండు. తొంభై ఎనిమిది వచ్చిన ఆయన మొట్టమొదట పేరు తీసేశాడు. ఇన్నాళ్లూ మమ్మల్ని వెర్రివాళ్లను చేశారని ఒకరు, రైలు కూతలను సాహిత్యం మీదికి తెచ్చారని ఒకరు నిష్ఠూరంగా రాశారు. అయితే తవిటయ్య ఉండిపోయాడు. "పన్నెండు మార్కు కాదని తెలిసి నేను సంతోషించాను గాని, మా ఆవిడ బాధపడింది. నా అసలు విలువ కట్టగలిగినవాడు ఇన్నాళ్లకు దొరికాడని ఆవిడ మురిసిపోతూ ఉండేది" అని రాశాడు. ఇంకో రోజుకు ఇరవై ఒకటి. ఆ తరువాత రెండు రోజులు ఎవరూ పోలేదు, ఎవరూ రాలేదు. కొత్తగా ఒకాయన చేరి ఇరవై రెండు చేశాడు.

విచిత్రమేమంటే, ఆ లెక్క ఇప్పుడు ఆయనను అంతగా నడిపించలేదు. నడక ఆగిందనుకోకండి. వరండా అదే, అడుగులు అవే. హైమవతి దగ్గర నుంచి జాబు లేదు, అదీ ఇప్పటి బాధ. చదివిందా? చదివి అసహ్యించుకుందా? అసలు కంప్యూటరు దగ్గరికే రాలేదా?

సత్యవాణి తన సలహా వల్లనే ఇంత జరిగిందని కుమిలిపోయింది. గ్రంథాలయంలో తెలుగువాళ్లు నలుగురున్నారనీ, వాళ్లచేత పేర్లు రాయిస్తాననీ ఇరవై ఆరో తేదీన వచ్చి చెప్పింది.

"వాళ్లు సదువుతారా?" అని అడిగాడు విల్‌ఫ్రెడ్.

"నా మాట మీద రాస్తారు బాబాయిగారూ."

"వినకుండా నంబరిచ్చినట్టు అవుతాదమ్మా. వొద్దు."

ఇరవై ఎనిమిదో తేదీన జాబు వచ్చింది. రెండే పంక్తులు. "పాతదే మళ్లీ పెట్టాను. పెట్టేముందు అమ్మకు చదివి వినిపించాను, ప్రాణాలు తీస్తావు అన్న చోట ఆమె నవ్వింది." పట్టికలో ఇరవై మూడో పేరు హైమవతిది. అప్పటిదాకా ఆమె అందులో లేదన్న సంగతి విల్‌ఫ్రెడ్ గమనించనే లేదు.

ఆయన ఆ రెండు పంక్తులనూ మంటూదాకు హిందీలో చెప్పబోయి, సగంలో ఆపి, తెర వైపు వేలు చూపించాడు. మంటూదా ఏమర్థం చేసుకున్నాడో, టీ తెప్పించాడు.

ఇరవై తొమ్మిదో తేదీ ఇరవై మూడుతోనే గడిచింది. ముప్పయ్యో తేదీ ఆదివారం. ఆరాధన ముగిశాక కృపమ్మ, తాను ఒక్కతే నడిచి వెళతానని చెప్పి ఆయనను ఝపటాపూర్ వైపు పంపేసింది. అక్కడ తెర మీద బూడిద రంగు పుట కనిపించింది. ఈ పేరుతో గది లేదని అందులో రాసి ఉంది. మేక కథ లేదు. ఎనభై రోజులకు పైగా రాసిన కథల్లో ఒక్కటీ లేదు.

"గయా, దాదా?" అన్నాడు మంటూదా వెనక నుంచి.

"గయా."

విల్‌ఫ్రెడ్ కుర్చీలో వెనక్కి వాలాడు. తరువాత ముందుకు జరిగి, కొత్త గది కోసం దరఖాస్తు నింపసాగాడు. పేరు, ఊరు, వయస్సు. నియమాలు చదివితిననీ, తొంభై రోజుల షరతుకు సమ్మతించితిననీ ఉన్న గడిలో గుర్తు పెట్టాడు. ఈసారి గది పేరు కింద, స్టేషన్లలో అంకెలు దేనికి వాడతారో మూడు వాక్యాల్లో విడమరచి రాశాడు. మొదటి కథ రాద్దామని చేతులు చాచాడు గాని, ఏది మొదలుపెట్టాలో తోచలేదు.

ఆ రోజు కొత్తగా చేరినవారి పట్టిక పక్కనే కనిపిస్తోంది. అందులో ఆయన పేరు అన్నిటికన్నా అడుగున ఉంది. దానికి సరిగ్గా పైన ఎర్రయ్య, నాగర్‌కోవిల్ అని ఉంది. ఈ ఎర్రయ్య ఎవరు, నాగర్‌కోవిల్‌లో తెలుగువాడు ఏం చేస్తున్నాడు? రాసినది ఆరు పంక్తులే ఉన్నట్టుంది. చూసినవారు సున్న.

మంటూదా తాళాలు గలగలలాడించాడు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూస్తాడు.

"పాంచ్ మినిట్, దాదా," అని చెప్పి, విల్‌ఫ్రెడ్ కుర్చీని ఇంకా దగ్గరికి లాక్కుని, ఆ గది తెరిచి చదవడం మొదలుపెట్టాడు.